మడమ అరిగిన చెప్పులు

ఎవరింటికి వెళ్ళినా నేను ముందు చూసేది మనుషుల ముఖాలు కాదు, గుమ్మం బయట విడిచిన చెప్పులు. పెళ్ళికి వెళ్ళినా అంతే, పరామర్శకు వెళ్ళినా అంతే. "చెప్పుల డాక్టరొచ్చింది, ఎవరివి వాళ్ళు దాచుకోండి" అని మా ఆడపడుచు నలుగురిలో వేళాకోళం చేస్తుంది. నాకు కోపం వస్తుంది గానీ, ఆ మాట అంటున్నప్పుడు కూడా నా కళ్ళు ఆమె చెప్పుల మీదే ఉంటాయి.

అసలు నేను మందులిచ్చే డాక్టర్ని కాను. విజయవాడలో ఒక వైద్య కళాశాల వెనకవైపు, చిన్న ప్రయోగశాలలో పనిచేస్తాను. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే నరాల జబ్బులు, కండరాల జబ్బులు నా పని. రక్తం తీసుకుని, అందులో వంశపారంపర్యంగా వచ్చే రాతలో ఎక్కడ తేడా ఉందో వెతుకుతాను. ఈ సంగతి చెప్పినా వినకుండా, వచ్చినవాళ్ళు 'డాక్టరమ్మా' అంటూ మోకాళ్ళు చూపిస్తారు.

"నేను వైద్యం చెయ్యనండీ. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కుంటాను" అన్నాను ఒకసారి ఒక పెద్దావిడతో.

"ఎక్కణ్ణుంచొచ్చిందో మాకు తెలుసు లెండి. ఎట్టా పోద్దో చెప్పండి" అందావిడ.

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు. ఇక మొదటి సగం, అంటే ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసునన్న మాట, ఎంత నమ్మదగిందో నాకు ఒక కుటుంబం వల్ల తెలిసింది. తెలిసిందనడం కూడా ఎక్కువే. నా బుర్ర గందరగోళమైంది, అంతే.

చెప్పుల సంగతి ముందు చెప్పాలి. నేను ఎక్కువగా చూసే జబ్బులో కాళ్ళ చివర్ల నుంచి నరాలు నెమ్మదిగా సన్నగిల్లుతాయి. పాదం పైకి లేవదు, వేలాడుతుంది. అందుకని మనిషి మోకాలు బాగా పైకెత్తి, అడుగు తపతపమని వేస్తాడు. హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా కొందరికి తెలియదు, నాలుగడుగులు వేశాక వెనక్కి చూసుకుంటారు. అందుకే ఇలాంటి ఇళ్ళలో చెప్పులకు వెనక పట్టీ కుట్టించుకుంటారు. పాదం ముందుభాగం నేలకు రాసుకోవడంతో చెప్పు వేళ్ళ దగ్గర అరుగుతుంది. మామూలుగా నడిచేవాళ్ళకు మడమ దగ్గర అరుగుతుంది. యంత్రాలు ఎన్ని ఉన్నా, గుమ్మం దగ్గర ఈ చెప్పుల సాక్ష్యం చూడకుండా నేను లోపలికి అడుగుపెట్టను.

మూడేళ్ళ క్రితమనుకుంటాను, మా నరాల డాక్టరు గారు ఒక అమ్మాయిని నా దగ్గరికి పంపారు. కొత్తగా పెళ్ళయింది. గన్నవరం విమానాశ్రయంలో ప్రయాణికుల సామాను తూచి టికెట్లు చూసే కౌంటర్లో ఉద్యోగం. రోజంతా ఎత్తు మడమల బూట్లతో నిలబడాలి. నున్నటి నేల మీద రెండుసార్లు తూలిపడిందట.

"మా అమ్మక్కుంది మేడమ్. మా మావయ్యక్కూడా ఉంది. మా తాతయ్య నుంచి వచ్చింది. నాకుందో లేదో చెప్పండి చాలు. పిల్లల సంగతి ఆలోచించుకోవాలి మేము" అంది. ఎక్కడా తడబడలేదు. బహుశా బస్సులో వస్తూ ఈ మాటలు కూడబలుక్కుని ఉంటుంది.

ఆ అమ్మాయి అమ్మమ్మ వాళ్ళది ఉయ్యూరు అవతల చెరుకు తోటల మధ్య ఊరు. తాతయ్య ఆ ఇంటికి ఇల్లరికపు అల్లుడు. దివిసీమ మనిషి. ఉప్పెనలో తనవాళ్ళంతా కొట్టుకుపోతే, బతికి బయటపడ్డ కుర్రవాణ్ణి ఇక్కడి చర్చి సంఘం వాళ్ళు తెచ్చుకుని ఆదుకున్నారు. ఆ తర్వాత పిల్లనిచ్చి ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆయనతో పాటే ఈ కాళ్ళ జబ్బు ఆ ఇంట్లోకి వచ్చిందని ఊరంతటికీ తెలుసు. మాతో కూడా అలాగే చెప్పారు, నేనూ కాగితం మీద అలాగే గీసుకున్నాను. అన్నిటికీ పైన ఆయన, కింద ఆయన పిల్లలు, ఆ కింద ఈ అమ్మాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, వాళ్ళ చర్చి ఆవరణలోనే కుటుంబం మొత్తాన్ని చూశాం. నేను అలవాటు ప్రకారం మెట్ల దగ్గర చెప్పులు చూశాను. ఆ ఇంటివాళ్ళవి అందరివీ వెనక పట్టీ ఉన్నవే. జబ్బు లేని చిన్న కూతురివి కూడా, పసిపిల్లలవి కూడా. "మా ఇంట్లో అంతేనండి, తాతయ్య అందరికీ ఒకే రకం కుట్టిస్తాడు" అంది చిన్న కూతురు. ఆ గుంపులో ఏ జత ఎవరిదో పోల్చుకోలేక నా పరీక్ష ఆ రోజు మూలపడింది.

పెద్దాయన మోకాళ్ళు ఎత్తి ఎత్తి అడుగులు వేస్తూ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. రక్తం ఇచ్చారు. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్షకు మాత్రం ఒప్పుకోలేదు. మడమల మీద నిలబడి వేళ్ళు పైకెత్తి నడవమంటే, "ముసలోణ్ణండి, పడతానండి" అని చేతులు జోడించారు. డాక్టరు గారు కూడా బలవంతపెట్టలేదు. ఊరంతా చెబుతున్న జబ్బుకు మళ్ళీ పరీక్ష దేనికని ఇద్దరం అనుకున్నాం. ఆయన భార్య అప్పటికి చనిపోయింది. ఆమెకేమైనా ఉండేదా అని అడిగితే పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. "ఆవిడకేముందండీ! మొగుడి నడక పట్టింది, అంతే. ఆయనెట్టా నడిస్తే ఆవిడా అట్టాగే నడిచేది" అన్నారు. నేనూ నవ్వాను.

ఫలితాలు వచ్చాయి. నరాల పైపొరకు సంబంధించిన ఒక జన్యువులో చిన్న మార్పు దొరికింది. తల్లికి ఉంది, మేనమామకు ఉంది, ఈ అమ్మాయికీ ఉంది. జబ్బు లేని పిన్నికి లేదు. ఇంతవరకూ బాగుంది. కానీ ఆ మార్పు అంతకుముందు ఎవరూ చూసింది కాదు. జబ్బుకు అదే కారణమా, లేక మన రంగూ జుట్టూ లాగా ఊరికే ఉన్న తేడానా చెప్పలేం. ఆ ఇంట్లో జబ్బున్న ప్రతివాళ్ళలోనూ అది ఉంటేనే దాన్ని అనుమానించాలి. ఒక్కరికి లేకపోయినా ఆ మార్పు నిర్దోషి అయినట్టే.

పెద్దాయనకు అది లేదు.

మూలంలో లేనిది కొమ్మల్లోకి ఎలా వస్తుంది? రక్తం గొట్టాలు తారుమారయ్యాయేమోనని మళ్ళీ రక్తం తెప్పించాను. మళ్ళీ లేదనే వచ్చింది. ఆ తర్వాత నా బుర్రలోకి ఒక పాడు ఆలోచన వచ్చింది. ఆ పిల్లలు ఆయన పిల్లలేనా? చనిపోయిన మనిషి గురించి, ఆమె ముఖం కూడా చూడని నేను, ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా చూడక తప్పలేదు. చూశాను. వాళ్ళు ఆయన పిల్లలే. అందులో ఇసుమంత సందేహం లేదు.

"అయితే ఈ మార్పును వదిలేద్దాం. కారణం ఇంకెక్కడో ఉంది" అన్నారు డాక్టరు గారు. ఆయన మాటలో తప్పులేదు. కానీ పెద్ద కూతురికీ కొడుక్కీ మనవరాలికీ ఉండి, జబ్బులేని చిన్న కూతురికి సరిగ్గా లేకపోవడం నన్ను నిద్రపోనివ్వలేదు. కావాలంటే ఉంది, కావాలంటే లేదు అన్నట్టుంది నా లెక్క. ఇంట్లో కూర మాడ్చాను. గుణదల కొండ దగ్గర దిగాల్సినదాన్ని బస్సులో కూర్చుని రామవరప్పాడు దాకా వెళ్ళిపోయాను.

ఆ అమ్మాయి ఫోన్లు చేసేది. వెనక నుంచి విమానాల ప్రకటనలు వినిపించేవి.

"ఇంకా తేలలేదా మేడమ్?"

"మీ అమ్మగారికీ మావయ్యకీ మీకూ ఒకే మార్పు కనిపించిందమ్మా, మీ తాతయ్య గారి రక్తం ఒకటే తేడాగా ఉంది. అదొక్కటీ సర్దుకుంటే..."

"నాకర్థం కాదు మేడమ్. ఉందంటే ఉందనండి, లేదంటే లేదనండి. మా ఆయన, ఏదైనా పర్లేదు, తెలిస్తే చాలంటన్నాడు. నాకు మాత్రం లేదని వినాలనుంది."

ఆ మార్పు నిర్దోషి అయితే, ఆమెకు అది ఉండటానికి అర్థమే లేదు. దోషి అయితే, ఆ జబ్బు ఆమెది, రేపు పుట్టబోయే బిడ్డకు కూడా సగం అవకాశం. మొత్తం ఆ ముసలాయన కాళ్ళ మీద నిలబడి ఉంది.

చివరికి ఒంటరిగా ఉయ్యూరు బస్సెక్కాను. చెరుకు బండ్ల వెనక బస్సు ఈడ్చుకుంటూ పోయింది. ఊరు చేరి, ఆటో దిగి వాకిట్లోకి వెళ్ళేసరికి పెద్దాయన వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. చిన్న కూతురు పొలం వైపు వెళ్ళిందట. "రండమ్మా" అని కుర్చీ చూపించి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

వరండా మూల రెండు జతల చెప్పులున్నాయి. రెండూ తోలువి, వెనక పట్టీ ఉన్నవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న జత మీద దుమ్ము లేదు, కానీ తోలు బిగుసుకుపోయింది. చాలాకాలంగా ఎవరూ తొడుక్కోలేదు, ఎవరో తుడుస్తున్నారు మాత్రం. నేను వంగి రెండింటినీ తిరగేశాను.

చిన్న జత వేళ్ళ దగ్గర ఏటవాలుగా అరిగిపోయి ఉంది. పెద్ద జత మడమ దగ్గర అరిగి ఉంది.

ముందు నాకేమీ అర్థం కాలేదు. అటుదిటు ఇటుదటు పెట్టి చూశాను. ఎవరివి ఎవరివో పొరబడ్డానా అనుకున్నాను. పెద్దవి ఆయనవే, ఇప్పుడే విడిచినట్టు మెత్తగా ఉన్నాయి. మడమ అరిగింది. మోకాళ్ళు ఎంత పైకెత్తినా, మడమ ముందు ఆని నడిచే మనిషి అడుగు అది.

"అయ్యయ్యో, చేత్తో పట్టుకోకండమ్మా!" ఆయన టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డారు. నా చేతిలో చెప్పులు చూశారు. నా ముఖం చూశారు. గ్లాసు కింద పెట్టి, నా చేతిలోంచి చిన్న జతను తీసుకుని మళ్ళీ మూలనే పెట్టారు.

"మీకు జబ్బు లేదు కదండీ?" అన్నాను.

ఆయన ఒలిచిన చిక్కుడుగింజల్ని వేళ్ళతో అటూ ఇటూ జరిపారు.

"చర్చి మెట్ల కాడ పడిందండి, మా ఆవిడ. పెళ్ళైన కొత్తల్లో" అన్నారు. "చెప్పు దారిలోనే జారిపోయింది, తనకి తెలీకుండానే మెట్ల దాకా పోయింది. జనం చూశారు. ఏంటి పిల్ల నడక అట్టా ఉందని గుసగుసలు. దానికి పెళ్ళి కావాల్సిన చెల్లెళ్ళున్నారు. వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు, మంచం పట్టినట్టయిపోయింది ఆ దిగులుకి. నాకేం తోచలా. మర్నాటి నుంచి నేనూ అట్టా నడిచా."

"ఎందుకండీ?"

"నన్నెవరడుగుతారమ్మా? ఉప్పెనకి కొట్టుకొచ్చినోణ్ణి. నాకు ఏ రోగమున్నా అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళూ లేరు. ఇల్లరికపోడు తెచ్చాడంటే పోలా. ఆడపిల్లలు బతికిపోతారు." ఆయన నవ్వారు. "మొగుడి నడక పట్టిందిరా అని నవ్వారు జనం. మేం లోపలికొచ్చి నవ్వుకునేవాళ్ళం. పిల్లలకొచ్చినప్పుడు మాత్రం నవ్వలా. అది నా కాళ్ళు పట్టుకుని ఏడ్చేది, నిందంతా నీ మీద పడిందని."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. అంతకు మించి కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ ఊరి మీదా, నా గీతల కాగితం మీదా? ఆమె మీద నేను పడ్డ అనుమానం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"మా ఆవిడకి మాటిచ్చా. మీ కాగితంలో నన్నట్టాగే ఉంచెయ్యండి. ఇంకెన్నాళ్ళు బతుకుతా?" అన్నారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

"మిమ్మల్ని అలాగే ఉంచితే, ఆ మార్పు జబ్బుకు కారణం కాదని రాయాలండీ. మీ మనవరాలికి ఏమీ తేలలేదు, బహుశా లేదేమో అని చెప్పాలి."

"అది అబద్ధమా?"

"అబద్ధమేనండీ."

"నిజం చెప్తే తగ్గుద్దా?"

"తగ్గదు."

"మరి?"

ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు, బిడ్డ విషయం వాళ్ళే నిర్ణయించుకోవచ్చు అని ఏవో అన్నాను. రోజూ అందరికీ చెప్పే మాటలే. ఆ వరండాలో నా నోట అవి చప్పగా వినిపించాయి. టీ చల్లారిపోయింది. ఆయన ఇక నా వైపు చూడలేదు.

తిరుగు బస్సులో నా పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆయన చెప్పింది ఆయన రహస్యం, నేను పంచడానికి లేదు. ఫలితం ఆ అమ్మాయిది, నేను దాచడానికి లేదు. డాక్టరు గారిని అడిగితే "ఫలితం మాత్రం చెప్పండి, తాత సంగతి ఎత్తకండి" అన్నారు. చెప్పడం తేలికే. కానీ తాతయ్య రక్తం తేడాగా ఉందని ఆ అమ్మాయికి నేనే చెప్పాను. ఆ తేడా ఎలా సర్దుకుందనే ఆమె మొదట అడుగుతుంది. రెండు రోజులు ఆమె ఫోన్ తియ్యలేదు నేను. శాస్త్రం అంటే తేల్చి చెప్పడం అనుకునేదాన్ని. ఇక్కడ తేలింది, చెప్పడమే కుదరడం లేదు.

ఆ వారం చివర్లో వాళ్ళిద్దరూ కలిసి వచ్చారు. తాతా మనవరాలూ. ఆయనే ఫోన్ చేసి ఆమెను సెలవు పెట్టించారట. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. లోపలికి వస్తూ ఎప్పటిలాగే మోకాళ్ళు ఎత్తి ఎత్తి అడుగులు వేస్తున్నారు. డాక్టరు గారు కూడా వచ్చి నా గదిలో ఒక మూల నిలబడ్డారు.

"అయ్యా, ఆరోజు నడవమన్నారు కదా, మడమల మీద. ఇప్పుడు నడుస్తా" అన్నారు పెద్దాయన డాక్టరు గారితో. తర్వాత మనవరాలి వైపు తిరిగారు. "అమ్మాయ్, చూడు."

చెప్పులు విడిచారు. గోడ దగ్గర నిలబడి, రెండు పాదాల వేళ్ళనూ పైకెత్తారు. మడమల మీద మాత్రమే ఆని, చేతులు చాపి, గది అటు చివర నుంచి ఇటు చివరకు నడిచారు. వయసు వల్ల కాస్త ఊగారే గానీ వేళ్ళు ఒక్కసారి కూడా నేలకు తగల్లేదు.

ఆ అమ్మాయి ముందు నవ్వింది, ఏదో ఆటలా తోచి. వాళ్ళమ్మ ఇలా నడవలేకపోవడం ఆరోజు చర్చి ఆవరణలో తను దగ్గరుండి చూసింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"తాతయ్యా, నీకు..."

"నాకు లేదమ్మా. ఎప్పుడూ లేదు. మీ అమ్మమ్మకుండేది. నేను దాని పక్కన నడిచేవాణ్ణి, అంతే."

ఆమె నా వైపు చూసింది. తాత లెక్క సర్దుకుంది కాబట్టి తన లెక్కా తేలిపోయిందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "అయితే నాకుందన్నమాట" అంది. నేను తలూపాను. కూర్చోబెట్టి చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఈ జబ్బు ప్రాణం తియ్యదని, చాలామందికి నెమ్మదిగానే ముదురుతుందని, ఎత్తు మడమల బూట్లు మానేసేలా ఉద్యోగంలో చూపించడానికి చీటీ ఇస్తామని, బిడ్డ విషయంలో దారులున్నాయని. ఆమె వింటోందో లేదో తెలియలేదు. తాతగారి చెయ్యి పట్టుకుని, ఆ చేతి మీద గోళ్ళతో గీతలు గీస్తూ కూర్చుంది.

"నేనేం చెయ్యాలో నాకేం అర్థం కావట్లేదు మేడమ్" అంది చివరికి.

"నాకూ అంతేనమ్మా" అన్నాను. ఆ మాట అనకూడదేమో. కానీ ఆ క్షణంలో నా దగ్గరున్న నిజం అదొక్కటే.

వాళ్ళు వెళ్ళేటప్పుడు నేను కళాశాల వరండా చివరి దాకా వచ్చి నిలబడ్డాను. పెద్దాయన నిటారుగా, మడమ ముందు ఆనిస్తూ, తన వయసుకు తగ్గ మామూలు నడకతో గేటు వైపు నడిచారు. అంతటి మామూలు నడకను నేను అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. పక్కనే మనవరాలు. గేటు దగ్గర కంకర మీద ఆమె ఎడమ పాదం కాస్త వేలాడి, ముందుభాగం నేలకు రాసుకుంది. తూలి, నిలదొక్కుకుంది. గేటు బయట టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

ఆయన ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. ఆ తర్వాతి అడుగు నుంచి మళ్ళీ మోకాళ్ళు ఎత్తి నడవడం మొదలుపెట్టారు.